మూడో ఎర్ర దీపం

గని గేటు దగ్గరి పెట్టెలో వేలు పెడితే చాలు. లోపలి వెలుగు రక్తంలో పడి చెదిరే తీరును బట్టి, ఎర్ర కణాలు మెత్తగా వంగుతున్నాయో బిగుసుకున్నాయో తేలిపోతుంది. మెత్తగా ఉంటే పచ్చ దీపం, బిగుసుకుంటే ఎర్ర దీపం. మూడుసార్లు ఎర్ర దీపం పడినవాణ్ణి ఇక ఏ గనిలోకీ దిగనివ్వరు. ఓదెలుకు ఇప్పటికే రెండు పడ్డాయి.

అందుకే అతని భార్య సమ్మక్క నిన్న పొద్దున మల్లన్నకు మొక్కింది. "పచ్చ దీపం పడేదాంక ఇద్దరం చుక్క నీళ్లు ముట్టొద్దు," అంది. ఓదెలు ముట్టలేదు.

ఈ రోజు వేలు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది.

గేటు గుమస్తా అతని ఎండిన పెదవులు చూశాడు. "నీళ్లు తాగలేదా ఏంది?"

"ఉపాసమున్న సార్."

"నీళ్లు లేకుంటే కణాలు ఇంకింత బిగుసుకుంటయ్ గద. కడుపునిండ తాగొస్తే పచ్చది పడుతుండె."

"ఇప్పుడు తాగొచ్చి మళ్ల పెడ్త సార్."

"మూడోది పడ్డంక పెట్టె నీ వేలు తీసుకోదు, ఓదెలన్నా."

ఇంటి ముందు సమ్మక్క నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. భర్త ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"నా మొక్కులోనే ఏదో తప్పు జరిగింది," అంది ఏడుస్తూ.

"నీ తప్పేం లేదు," అన్నాడు ఓదెలు. గుమస్తా చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. ఆమె పెదవులు కూడా ఎండిపోయి ఉన్నాయి. తనకు అందించిన చెంబును తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ముందు నువ్వు తాగు."