విప్పని పైపు

మా టెక్సస్ ట్రైలర్ పార్కులో, ఈ చక్రాల ఇళ్ల వాడలో, నీళ్లు గడ్డకట్టేది ఏడాదికి రెండు మూడు రాత్రులే. ఆ రాత్రుల్లో బయటి కొళాయికి తగిలించిన రబ్బరు పైపు విప్పకపోతే, లోపలి నీళ్లు గడ్డకట్టి పగిలిపోతుంది.

నిరుడు అలాంటి ఒక రాత్రి పక్క ట్రైలర్ ముసలావిడ వెల్మా కిటికీలోంచి అడిగింది. "డారెల్, నా పైపు విప్పావా నాయనా?"

దుప్పట్లోంచి లేవకుండానే, "విప్పానులే, పడుకో పెద్దమ్మా" అన్నాను.

తెల్లవారుజామున పైపు పగిలింది. కొళాయి కట్టేయడానికి దిగిన వెల్మా, గడ్డకట్టిన ఆ నీళ్లమీదే జారిపడి చనిపోయింది. సమాధి దగ్గర అందరూ నన్ను ఆమెకు కొడుకులాంటివాడన్నారు. నేను తలూపాను.

ఈ రాత్రి మళ్లీ అదే చలి. నా పైపు విప్పలేదని దుప్పట్లో దూరాక గుర్తొచ్చింది. లేవబోతుంటే బయట కొళాయి బిగింపు కిర్రుమంది. కంకర మీద పైపు ఈడ్చుకొస్తున్న చప్పుడు నా మెట్ల దాకా వచ్చి ఆగింది.

"విప్పానులే, పడుకో నాయనా."