ఫ్రెడ్డీ గుండె ఆపరేషన్

"ఏ వార్డు బిడ్డా? పంజాగుట్టల హాస్పిటల్ గేటు ముంగటనే నిలబడ్డ. జర లోపలికొచ్చి ఫ్రెడ్డీ కోసం ప్రార్థన చేసి పోత."

ఫోన్‌లో దయారత్నం అంకుల్ మాట వినగానే లీలాకుమారి ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె భర్త ఫ్రెడ్డీ పంజాగుట్టలో లేడు. అతనికి గుండె జబ్బూ లేదు. అమీర్‌పేటలో, కింది అంతస్తుల్లో కంప్యూటర్ కోచింగులు నడిచే బిల్డింగులో, మూడో అంతస్తులోని డీఅడిక్షన్ సెంటర్‌లో వణుకుతూ పడుకుని ఉన్నాడు. ఆమె ఇప్పుడే కౌంటర్‌లో డబ్బు కట్టి కిందికి దిగింది. ఆ డబ్బు చర్చివాళ్లు చందా వేసి ఇచ్చింది. గుండె ఆపరేషన్‌కని.

"లోపలికి రానియ్యరు అంకుల్. ఐసీయూల ఉన్నడు."

"ఏం ఫికర్ లేదు. అద్దంలకెల్లి చూస్త."

"వద్దొద్దు! మీరు ఆడనే ఉండుండ్రి. నేనే వస్తున్న."

ఆటో ఎక్కింది. ఎక్కిందే గానీ, వెళ్లి ఏం చెప్తుంది? మొన్న ఆదివారం మైకు ముందు నిలబడి, బైబిలు గుండెలకు హత్తుకుని మరీ అబద్ధం చెప్పిన మనిషి! పోనీ, ఏం చెయ్యమంటారు? ఎన్ని సెంటర్ల మెట్లెక్కినా ముందు డబ్బు కట్టమన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో తాగుడు మాన్పించే వైద్యం మీ పాలసీలో లేదన్నారు. ఆదివారం ఆదివారం చర్చిలో కీబోర్డ్ వాయించే ఫ్రెడ్డీ తాగుతాడని తెలిస్తే సంఘంలో తలెత్తుకు తిరగగలదా? అసలు తాగుబోతుకు చందా ఎవరిస్తారు? గుండె అనేసరికి మాత్రం అందరూ జేబుల్లో చేతులు పెట్టారు.

అందరికంటే ముందు లేచింది సంఘ పెద్ద దయారత్నమే. ఆయనకూ ఒకప్పుడు గుండె ఆపరేషన్ అయింది. దేవుడు తనను చావు నుంచి లేపి నిలబెట్టిన సంగతి ప్రతి ఈస్టర్‌కూ సాక్ష్యం చెప్తాడు. "ఆ బాధ పడ్డోనికే తెలుస్తది" అంటూ తనే చందా సంచి పట్టుకుని వరస వరసకూ తిరిగాడు. ఏ డాక్టరు, ఏ రిపోర్టు అని ఒక్క మాట అడగలేదు. ఆ నమ్మకమే ఇప్పుడు లీలాకుమారిని లోపల తొలిచేస్తోంది.

ఆయన గేటు పక్కన నీడలో నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే ఎదురొచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు.

"ఎస్తేరమ్మ ఇచ్చింది. యూసుఫ్‌గూడల కూరగాయలమ్ముతది చూడు, గామె. కంటి ఆపరేషన్‌కు దాచుకున్న పైసలు. వద్దమ్మా అన్న, ఇనలే. 'నా కన్ను జర ఆగుతది గని, పిలగాని గుండె ఆగుతదా' అన్నది."

లీలాకుమారి చేతిలోంచి కవరు జారి కింద పడింది. ఆయన వంగి తీసి మళ్లీ ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు అంకుల్. ఆమెకే ఇచ్చెయ్యుండ్రి. ఫ్రెడ్డీకి గుండె జబ్బు లేదు."

"మరి?"

"తాగుడు." ఆ ఒక్క మాట వచ్చాక ఇంక ఆగలేదు. "పొద్దుగాల లేస్తే మందు వడాలె. ఆదివారం యాలకులు నములుకుంట చర్చికొస్తడు. మీరిచ్చిన పైసలన్నీ అమీర్‌పేటల మందు మాన్పించే కాడ కట్టిన. దేవుని మందిరంల నిలవడి అబద్ధం చెప్పిన. నేను పాపిష్టిదాన్ని అంకుల్!"

నడిరోడ్డు మీద బోరున ఏడ్చేసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. దయారత్నం ముఖం నల్లబడిపోయింది. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన చెయ్యెత్తి ఆటో ఆపాడు.

"అమీర్‌పేట, మైత్రీవనం ఎనక సందు" అన్నాడు డ్రైవర్‌తో.

అర్థమైపోయింది. కట్టిన డబ్బు వెనక్కి తీసుకోవడానికే వెళ్తున్నాడు. లీలాకుమారి ఆయన వెనకే ఆటో ఎక్కింది.

"అంకుల్, నన్ను సంఘంలకెల్లి తీసెయ్యుండ్రి. పాస్టరయ్యగారికి చెప్పుండ్రి. అందరి ముంగట మోకాళ్ల మీద నిలవడుమంటే నిలవడ్త. ఆ పైసలు మాత్రం వాపస్ అడగకుండ్రి. ఇయ్యాల ఆయన్ని కిందికి దింపితే సీదా వైన్ షాపుకే పోతడు. మల్ల ఈ మెట్లెక్కడు. సచ్చిపోతడు అంకుల్!"

దయారత్నం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. అమీర్‌పేట వచ్చాక ఆమె వైపు తిరిగాడు.

"దేవుని మందిరంల అబద్ధం చెప్పినోళ్లు అందరి ముంగట ఒప్పుకోవాలె బిడ్డా" అన్నాడు. "ఇంక దాచుడు కాదు."

అయిపోయింది, అనుకుంది లీలాకుమారి.

మెట్ల నిండా ల్యాప్‌టాప్ బ్యాగుల కోచింగ్ పిల్లలు. వాళ్లను తప్పించుకుంటూ, రెయిలింగ్ పట్టుకుని ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. ఆమె వెనకే, "అంకుల్, మీకు దండం పెడత" అంటూనే ఉంది. ఆయన ఆగలేదు.

మూడో అంతస్తులో ఇనుప గ్రిల్ తలుపు. దాని పక్కన స్టూలు మీద తల నెరిసిన వాచ్‌మన్ మహిపాల్. పొద్దున ఫ్రెడ్డీని చంకల కింద చేతులు వేసి లోపలికి మోసుకెళ్లింది అతనే. దయారత్నం వచ్చి గ్రిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

మహిపాల్ తలెత్తి చూసి దిగ్గున లేచాడు.

"అయ్యో, దయారత్నమన్నా! ఇన్నేండ్లు మంచిగనే ఉంటివి గదనే... మల్ల తాగుడు మొదలువెట్టినవా?"