పెళ్ళికూతురి పక్క ఖాళీ

మున్నేరు పొంగి పెనుగంచిప్రోలు వంతెన మీద నీళ్లు పారిన మరుసటి ఏడు, పట్టపగలు, బసవయ్య జగ్గయ్యపేటలో ఆశీర్వాదం స్టూడియోలోకి వచ్చి షట్టరు దించాడు. కెమెరా నేలకేసి కొట్టాడు. అందులోని మెమరీ కార్డు ఏరి, పళ్లతో నమిలి ఉమ్మేశాడు. ఆపైన ఆశీర్వాదం ఎడమచెయ్యి బల్ల మీద పరిచి, కత్తి పిడితో రెండు వేళ్లు చితక్కొట్టాడు.

"కుడిచెయ్యి ఎందుకొదిలానో తెలుసా?"

"పని చెయ్యాలి కదండీ."

"తెలివున్నోడివే. కంప్యూటర్లో ఉన్నది తియ్."

తెర మీదికి చిల్లకల్లు ఊళ్లో జరిగిన పెళ్ళి ఊరేగింపు వచ్చింది. బసవయ్య మేనకోడలు, పెళ్ళికొడుకు. వాళ్ల పక్కన లైటు పట్టిన కృష్ణయ్య. అతని మెడ మీదికి కత్తెత్తిన బసవయ్య. ఆ కత్తి పట్టింది, ఎప్పుడో లారీ కింద పడి విరిగి, మోచేతి దగ్గర బయటికి తిరిగిపోయిన చెయ్యి; ఊరందరికీ తెలిసిన వంకరచెయ్యి.

పదేళ్లు ఆశీర్వాదం ఫోటోలకు వెలుగు పట్టిన కృష్ణయ్య మొన్ననే కాటికి పోయాడు. ఆ కత్తివేటు చూసినవాళ్లు నూరుమంది. చూశానన్నవాడు ఒక్కడూ లేడు. మిగిలిన సాక్ష్యం ఈ బొమ్మే.

"లైటు నా మొహాన కొట్టొద్దని రెండుసార్లు చెప్పా వాడికి," అన్నాడు బసవయ్య.

"మొత్తం ఫోటో తీసేస్తానండి."

బసవయ్య కొట్టిన దెబ్బకు ఆశీర్వాదం పెదవి చిట్లింది.

"పెళ్ళి ఫోటో తుడిపేస్తే పిల్ల తాళికి కీడురా. నన్నొక్కణ్ణే తియ్. దాని కొంగు తెగిందా, నీ పీక తెగుద్ది."

ఆశీర్వాదం బసవయ్య బొమ్మ అంచు వెంటే పోయాడు. తల, భుజం, చెయ్యి, కత్తి. వెంట్రుకవాసి పక్కకు పోలేదు. తుడిచినచోటల్లా తెలుపూ బూడిదా గళ్లు తేలాయి. పెదవి తుడుచుకున్న చేతిలో మౌసు నెత్తుటితో జారుతోంది.

"ఆ గళ్లేంటి?"

"అక్కడేం లేదని గుర్తండి. అచ్చులో తెల్లగా వస్తది. వెనక పందిరిగుడ్డ అతికించమంటే ఇంకో గంట పడుద్ది."

"గంటసేపు షట్టరు మూసుంటే జనం మూగరూ? నా మొహం లేదుగా, చాల్లే. పాతది లేకుండా దాని మీదే సేవ్ చెయ్."

చేశాడు. బసవయ్య తెరకు ముక్కు ఆనించి చూసుకుని నవ్వాడు. పోతూపోతూ కడుపులో ఒక తన్ను తన్నాడు.

"ఆల్బంలో పెట్టి పిల్లకి పంపు."

మర్నాడు పొద్దున్నే ఆశీర్వాదం ఆ ఫోటోని ఉన్న కాగితాల్లో పెద్దదాని మీద అచ్చేసి, బస్టాండు వైపు అద్దాల్లో వేలాడదీశాడు. చిల్లకల్లు బస్సు దిగి, ఏమీ చూడలేదన్న వాళ్లంతా అక్కడ ఆగారు. కృష్ణయ్య మెడ మీదికి కత్తెత్తిన ఆ వంకరచేతి తెల్లటి ఖాళీని చూసి, "బసవయ్య" అన్నారు.