ప్రేమదాసు రిజిస్టర్

శాలువా భుజాల మీద పడుతుండగా జ్ఞానేశ్వర్‌కు హాలు చివరి వరుసలో సరోజమ్మ కనిపించింది. ఆమెను అతను పిలవలేదు.

మొయినాబాద్‌లోని ఆ ఫంక్షన్ హాల్లో ఆ రోజు అతని పుస్తకావిష్కరణ. మన పట్టాల మీద తిరిగిన తొలితరం డీజిల్ ఇంజన్లలో పేరున్న డబ్ల్యూడీఎం-2 చరిత్ర అది. అరవై రెండులో అమెరికా నుంచి వచ్చిన దగ్గర్నుంచి, కాశీలో తయారవడం, బొగ్గింజన్లను మూలకు నెట్టడం, ఆఖరికి తుక్కు కింద పోవడం దాకా అంతా ఉంది. చేవెళ్ల జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ ఇంత బాగా రాశాడా అని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు.

తేదీలు, అంకెలు అతనివే. ప్రాణం మాత్రం అతనిది కాదు.

రెండేళ్ల కింద అతను పుస్తకానికి వివరాలు అడగడానికి ఎంకపల్లిలో సరోజమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె భర్త ప్రేమదాసు కాజీపేటలో ముప్పై ఏళ్లు ఆ ఇంజన్లు నడిపి, రిటైరయ్యాక సొంతూరు చేరి, అక్కడే కాలం చేశాడు. ఆమె లోపలికి వెళ్లి అట్ట చిరిగిన రిజిస్టర్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. నాలుగు పేజీలు తిప్పిన జ్ఞానేశ్వర్ మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

“మీ ఆయన మస్తు రాసిండు అవ్వా,” అన్నాడు.

ఆమె తలొంచుకుని చాయ్ పోసింది. “చదివి తెచ్చియ్యి సారూ,” అని మాత్రం అన్నది.

అతను తెచ్చివ్వలేదు. పేజీలకు పేజీలు ఎత్తి రాసుకున్నాడు. ముందుమాటలో ప్రేమదాసు పేరు పెట్టినవాడే ప్రూఫులు దిద్దేటప్పుడు కొట్టేశాడు. పోయినవాడు వచ్చి అడగడు, ఈ ముసలామెకు పుస్తకాల సంగతి ఏం తెలుస్తుంది అనుకున్నాడు.

సభ నడుపుతున్న తెలుగు మేడం ప్రేమజ్యోతి ఒక పేజీ తెరిచి మైకులో చదివింది.

“వానాకాలంలో బండి మలుపు దగ్గరకు వస్తే క్వార్టర్లలో గూట్లోని గిన్నెలు సన్నగా వణికేవి. బొగ్గింజన్ దూరం నుంచే కేక పెట్టేది. డీజిల్ ఇంజన్ అట్లా కాదు. ముందు నేలకు చెప్పేది, తర్వాతే చెవికి.”

చివరి వరుసలో సరోజమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రేమజ్యోతి కంటే ఒక మాట ముందే. మొగుడి మాటలు గుర్తుకొస్తున్నాయి కాబోలు. జ్ఞానేశ్వర్ ఆ వైపు చూడలేక తల దించుకున్నాడు.

“సార్, గిట్ల ఎట్ల రాసిండ్రు? ఇంజన్ల పక్కన బతికినోళ్లు రాసినట్లే ఉన్నది,” అన్నాడు ముందు వరుసలో ఒకాయన.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. జ్ఞానేశ్వర్ మైకు అందుకున్నాడు.

“ఆరేండ్లు కష్టపడ్డ,” అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య సరోజమ్మ లేచి బయటికి నడిచింది.

అతను ఫొటోలు వదిలేసి వెనకాలే పరుగెత్తాడు. ఆమె రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడి ఉంది. బతిమాలి కారెక్కించుకున్నాడు. ఎంకపల్లి కనబడుతుండగా కారు పక్కకు ఆపాడు.

“అవ్వా, నేను చేసింది దొంగతనం,” అన్నాడు స్టీరింగ్ వైపు చూస్తూ. “అందరి ముంగట ఒప్పుకుందామంటే నోరు రాలే. నీ మొకం చూడాల్నంటే సిగ్గయితున్నది.”

“నన్నెందుకు పిలవలే సారూ?”

జ్ఞానేశ్వర్ భుజాల మీది శాలువా తీసి వెనక సీట్లో పడేశాడు.

“రేపే ప్రెస్సుకు పోత,” అన్నాడు. “అట్ట మార్పిస్త. నా పేరు తీపిచ్చి మీ ఆయన పేరు ఏపిస్త. మళ్ల మీటింగు పెట్టి, గిది ప్రేమదాసు రాసిండని నేనే చెప్త.”

సరోజమ్మ ఒళ్లో పెట్టుకున్న చేతులు చూసుకుంది.

“ఆయన పేరు ఎయ్యకు,” అన్నది.

క్షమించింది అనుకున్నాడు జ్ఞానేశ్వర్.

“అట్ల అనకవ్వా. పెద్దాయన కష్టం అది. ఆయన పేరే ఉండాలె.”

“ఆయన ఇంజన్ నడిపిండు సారూ,” అన్నది సరోజమ్మ, కారు తలుపు తీసుకుని దిగుతూ.

“రాసింది నేను.”