ముసలిది లేచేదాకా

“పైన డబ్బా ఇదే ఉండాలి. లోపల మాత్రం అంతా కొత్తది పెట్టాలి. మా అత్తయ్యకి తెలియకూడదు,” అంది కోడలు, కంప్యూటరు పెట్టెను కౌంటరు మీదికి తోస్తూ.

మెకానిక్ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుని చూశాడు. తెల్లరంగు పాలిపోయి పసుప్పచ్చగా మారిన ఇనప డబ్బా. ముందు వైపు బొటనవేలంత ఎర్ర బటను, ఇప్పుడెవరూ వాడని ఫ్లాపీల కోసం ఒక సందు. ఆయన దాని వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

“ఏమైంది దీనికి?”

“అత్తయ్య ఊరెళ్ళారు, రేపొస్తారు. నిన్న దుమ్ము తుడిచి, పనిచేస్తోందో లేదోనని బటను నొక్కాను. టప్‌మంది, కాలిన వాసనొచ్చింది. అంతే.”

“పాతికేళ్ళనాటి పెట్టె. కొత్తది కొనుక్కోక ఈ తిప్పలెందుకమ్మా?”

“మా ఆయనా అదే అంటున్నారు. రేపటికి ఇది బాగవకపోతే కొత్తది తెచ్చేస్తారట. నిరుడూ అలాగే అంటే అత్తయ్య ఇల్లు పీకి పందిరేశారు. దుమ్ము దులిపిస్తే చాలని తనే ఎక్కడికో పట్టుకెళ్ళి తెచ్చుకున్నారు.”

అత్తగారు ఇంట్లో కూర్చుని ప్రెస్సులకి పుస్తకాలు టైపు చేసి ఇస్తుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. వచ్చిన ప్రతి పుస్తకంలోనూ తప్పులు దిద్దుతుంది, రాసినవాళ్ళు వద్దని మొత్తుకున్నా సరే.

మెకానిక్ పెట్టెను తన వైపు తిప్పుకున్నాడు. “మూతకి ఒక మర ఆ స్టిక్కరు కింద ఉంటుందట, మా ఆయన చెప్పారు...” అని కోడలు అనేలోపే ఆ మర ఆయన అరచేతిలో ఉంది. మూత లేపి అడ్డంగా నిలబెట్టాడు. అవతల ఏముందో ఆమెకి కనిపించలేదు.

“ఇందులో కొత్తది పడుతుందా అండీ?”

“పడకేం? ఇప్పటి బోర్డు అరచేయంత. ఇది గదంత. పట్టడం కాదు, పొసగడమే కష్టం. పాత రంధ్రాలు కొత్త బోర్డుకి కలవవు. వెనక రేకుని ఆకురాయి పెట్టి అరగదీయాలి. ఈ ఎర్ర బటనుకి లోపల వేరే స్విచ్చి తగిలించాలి. నిండా రెండ్రోజుల పని.”

“రేపు పొద్దుటికల్లా కావాలండీ,” అంది కోడలు. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకో మాట. కొత్తదైనా ఇది మెల్లగానే తెరుచుకోవాలి. ఎప్పటిలాగే, పావుగంటకి,” అంది.

మెకానిక్ తలెత్తాడు.

“ఆలస్యం అమృతం విషం అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ వేగమే కావాలి. మీకెందుకమ్మా ఆలస్యం?”

కోడలు తటపటాయించింది. పరాయి మనిషికి చెప్పుకునే సంగతి కాదు. కానీ చెప్పకపోతే ఆయన చెయ్యడేమో.

“తెర వెలిగిందంటే అత్తయ్య ఎవరితోనూ మాట్లాడరండీ. పెళ్ళయిన కొత్తలో పలకరిస్తే, పని మధ్యలో కబుర్లొద్దన్నారు. నోరు కుట్టేసుకుని తిరిగాను ఆ ఇంట్లో. ఒకరోజు ఇది తెరుచుకోక ఊరికే కూర్చుంటే కాఫీ ఇచ్చాను. ‘ఈ ముసలిది లేచేసరికి తెల్లారుతుంది, కూర్చో’ అన్నారు. అప్పట్నుంచి రోజూ అంతే. నాకు కడుపు పోయినప్పుడు, నా చెయ్యి పట్టుకుని ఆవిడ ఏడ్చిందీ ఆ పావుగంటలోనే. ఇది చిటికెలో లేచి కూర్చుంటే ఆవిడ నాతో ఇంకెప్పుడు మాట్లాడతారు?”

“నేరుగా అడగొచ్చుగా, కాసేపు మాట్లాడుకుందామని?”

“అడిగితే, నీకేం పని లేదా అంటారు. అడక్కుండా జరుగుతోంది కాబట్టే జరుగుతోంది.”

అంతా చెప్పేశాక ఆమెకి సిగ్గేసింది. గోడకి వేలాడుతున్న వైర్ల వంక చూస్తూ నిలబడింది.

“తెరుచుకున్నాక ఎలా నడుస్తుంది?” అని అడిగాడు మెకానిక్.

“పరిగెడుతుంది. అదంతా అత్తయ్య చేతి చలవ.”

ఆయనకి పొలమారినట్టయింది. దగ్గి సర్దుకున్నాడు.

“మరి ఫ్యాను చప్పుడు?”

“అదీ ఉండాలి. ఆ గుర్రు వినపడితేనే నేను కాఫీ పెట్టేది.”

“అయితే కూర్చోండి. మీరు టీ తాగేలోపు ఇచ్చేస్తాను.”

“ఇందాక రెండ్రోజులన్నారు?”

ఆయన అప్పటికే మూత వెనక తల దూర్చాడు. రేకు అరగదీసిన చప్పుడు లేదు, కొత్త బోర్డేదీ పై అరలోంచి దించిందీ లేదు. టంకం వాసన మాత్రం కాసేపు వచ్చింది. పని తెలియనివాడి చేతిలో పెట్టానేమోనని కోడలు టీ చల్లారబెట్టుకుంటూ కూర్చుంది.

ఇంతలో మెకానిక్ ఒక తెర తగిలించి ఎర్ర బటను నొక్కాడు. ఫ్యాను గుర్రుమంది. తెర చాలాసేపు నల్లగానే ఉండి, ఒక మూల చిన్న గీత మిణుకుమంది. అది నత్తలా పక్కకి జరగసాగింది. కోడలు ఊపిరి పీల్చుకుంది.

“అచ్చం అలాగే ఉందండీ. అత్తయ్య కనిపెట్టలేరు. తీసేసిన పాత సామానంతా నాకిచ్చేయండి, ఆవిడ కంటపడకుండా దాచేస్తాను.”

మెకానిక్ ఆమె చేతిలో నల్లగా కాలిన చిన్న ముక్క ఒకటి పెట్టాడు.

“ఇదొక్కటేనమ్మా. కరెంటు డబ్బాలో కాలిపోయింది.”

“మరి మిగతాది?”

ఆయన మూత బిగిస్తూ, స్టిక్కరు కింది మరని ఆఖరున తిప్పాడు.

“మిగతాదంతా నిరుడే మీ అత్తగారు మార్పించి, ఇలాగే ఆలస్యం చెయ్యమన్నారు.”