పడవ పడకైన కథ

చుట్టిన అరిటాకు చంకలో పెట్టుకుని మాల్యాద్రి అక్క ఇంటి దొడ్లో అడుగుపెట్టాడు. కూర వాసన రాలేదు. చెక్కపొట్టు వాసన వచ్చింది.

"బావ కోళ్లు కోస్తా ఉండాడని అందరూ చెప్పుకుంటా ఉంటే వచ్చినానక్కా," అన్నాడు.

"కోస్తానే ఉండాడు, చూడు," అంది మస్తానమ్మ బియ్యం చెరుగుతూ.

చెంగయ్య మంచాన్ని తిరగేసి, దాని నాలుగు కోళ్లలో ఒకదాని మీద రంపం ఆడిస్తున్నాడు. కూరకు పనికొచ్చే కోళ్లు గోడెక్కి నిబ్బరంగా చూస్తున్నాయి. మంచం కాళ్లకు కోళ్లని పేరు పెట్టిన పెద్దమనిషెవరో గాని, మాల్యాద్రి ఆకు ఖాళీగానే మిగిలింది.

ఆ మంచం మొన్నటిదాకా పడవ. చెంగయ్య ముప్పయ్యేళ్ల పాటు బకింగ్‌హాం కాలువ వెంట ఉప్పూ, సరుగుడు కట్టెలూ దాని మీదే మద్రాసుకు చేరవేశాడు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ సాగకపోతే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట లాగుడు. అమావాస్యకో పున్నానికో ఇంటికొచ్చేవాడు, మర్నాడే పోయేవాడు. దక్షిణాన తెల్లగుడ్డ కనిపిస్తుందేమోనని గట్టు మీద నిలబడి చూడడంతోనే మస్తానమ్మ కాపురం సగం గడిచింది.

కొత్త పైసలొచ్చిన నాలుగేళ్లకే రోడ్డు మీద లారీలు పెరిగాయి. లారీ దారి బాగుపడేకొద్దీ కాలువ దారి ఏట్లో కలిసింది. పడవ అడుగు పుచ్చింది. గట్టుకు లాగి విప్పితే, గట్టి చెక్క ఒక్క మంచానికి సరిపడా మిగిలింది. తెరచాప కొయ్య నాలుగు కోళ్లయింది, పలకలు పరుపయ్యాయి. పడవ పడక కావడానికి మారవలసింది ఒక్క అక్షరమే. చెంగయ్య చేతులకు మాత్రం అరచెయ్యంతా బొబ్బలు.

అంత పట్టుదలకు కారణముంది. పాత జతగాడు యెహోషువ పులికాటులో సున్నపుగుల్ల మోసే పడవ నడుపుతూ, చెంగయ్యను రమ్మని కబురు పెట్టాడు. పోతే మళ్లీ నెలల మాట. చెంగయ్యకు కాళ్లు నిలవలేదు. కాని ఇన్నేళ్లూ చాప మీదే పడుకున్న భార్యను చూస్తే మనసు నిలవలేదు.

"నీకో మంచం చేసిపెట్టి పోతానుమే. ఊగని మంచం. అది అయిందాకా గడ ముట్టను," అన్నాడు.

"ఊగని మంచమే?"

"ఊగనిదే."

"మాట మీద ఉంటావా?"

"పడవోడి మాట," అన్నాడు చెంగయ్య.

మంచం అయింది. ఊగింది. ఇంట్లో వేసి, నడుమ గిన్నె పెట్టి, అంచు దాకా నీళ్లు పోసి చూసేవాడు. మనుషులు అబద్ధమాడతారు గాని నీళ్లు ఆడవని అతని నమ్మకం. సాయంత్రం సరిచేసినది పొద్దునకు ఒక మూలకు ఒరిగేది. పొడుగనిపించిన కోడు కోస్తే మర్నాడు దాని తోబుట్టువు పొడుగు. మోకాలెత్తు మంచం జానెడుకు దిగింది. ఇంకొన్నాళ్లకు మంచం మీంచి దిగాలంటే పైకెక్కాలని మస్తానమ్మ ఎత్తిపొడిచింది. రంపం కోత చెక్కకు, మాటల కోత మొగుడికి.

"కాలువ మీద కుదిరినోడివి, ఒక్క కాలు కుదర్చలేవా బావా?" అని మాల్యాద్రి కూడా తన వంతు కోశాడు.

కోసేటప్పుడల్లా చెంగయ్య నోరు ఊరుకునేది కాదు. ఈ పలక మీదే పొయ్యి పెట్టి చేపల పులుసు కాచామనేవాడు. ఈ కొయ్యకే తెరచాప కట్టి, తుపాను గాలిలో కృష్ణపట్నం దాటామనేవాడు. పెళ్లయిన ముప్పయ్యేళ్లకు మొగుడు ఎక్కడెక్కడ తిరిగాడో మస్తానమ్మకు అప్పుడే తెలిసింది. చేట ఒళ్లో పెట్టుకుని ఊకొడుతూ వినేది. బియ్యంలో రాళ్లు ఎప్పుడో అయిపోయినా చెరుగుతూనే ఉండేది.

చివరికి యెహోషువే పడవేసుకుని వచ్చాడు. ఆ సాయంత్రం అందరి ఎదుటా గిన్నె నిండా నీళ్లు పోశారు. చుక్క తొణకలేదు. తెల్లారి ఎక్కుతానని చెంగయ్య మూట కట్టుకున్నాడు.

పొద్దున్నే అతను కాలువలో మునిగి వచ్చేసరికి మస్తానమ్మ ఇల్లలికి ముగ్గేసింది. పోయేముందు ఆవిడకు మరొక్కసారి చూపిద్దామని చెంగయ్య గిన్నె పెట్టి, మంచం అంచున కూర్చున్నాడు. మంచం టక్కుమంది. నీళ్లు ఒలికి పడమటి మూలకు పారాయి.

చెంగయ్య మూట కింద పెట్టేశాడు.

"మంచం కోసం పడవ వదులుకుంటావా చెంగన్నా?" అన్నాడు యెహోషువ.

"ముప్పయ్యేళ్లు నా కోసం గట్టున నిలబడిందబ్బా. ఆ మనిషికి ఒక్క మంచం నిలబెట్టకుండా యాడికి పోయేది? నువ్వు పో."

పడవ కదిలింది. చెంగయ్య గట్టెక్కి చూస్తుంటే పక్కన మస్తానమ్మ వచ్చి నిలబడింది. పోతున్న తెరచాపను ఇద్దరూ ఒకే గట్టు మీంచి చూడడం అదే మొదలు.

"నాకు చేతగాలేదుమే," అన్నాడు చెంగయ్య. "నిన్ను కుదురుగా పడుకోబెట్టలేకపోయినాను."

"పోనీలే. రేపు ఇంకో కోడు కోద్దువు గాని, రా," అందావిడ.

రోజూ ఇల్లలికేటప్పుడు ఏదో ఒక కోడు కింద గుప్పెడు మన్ను తీసేది ఆవిడే.