విమానానికి దిష్టిచుక్క

దసరానాడు పెనుకొండ బీడులో హిందూపురం రంగప్ప తన విమానానికి ఆయుధపూజ చేశాడు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న పచ్చరంగు విమానం. అందులో పట్టుచీరల మూటలు వేసుకుని బెంగళూరుకు ఎగిరిపోతాడు.

ధర్మవరం లక్ష్మీనారాయణదీ పట్టుచీరల వ్యాపారమే. ఆయన రైలు దిగేసరికి రంగప్ప బేరం ముగించి కాఫీ తాగుతుంటాడు. కడుపు మండదా? మండింది.

ఉత్సాహం పట్టలేక రంగప్ప కొబ్బరికాయను విమానం ముక్కుకేసి కొట్టాడు. కాయ పగల్లేదు. ముక్కు సొట్టపోయింది. జనం గొల్లుమన్నారు.

“ఏమప్పా, గుడిమెట్టు అనుకుంటివా?” అన్నాడు లక్ష్మీనారాయణ. ఆరోజు ఆయనకు దక్కిన సంతోషం అదొక్కటే.

“సొట్ట కాదబ్బా, దిష్టిచుక్క! నీ మాదిరోళ్ల కండ్లు పడకుండా.”

ఆ మాట ముల్లులా దిగింది.

చలికాలానికి పెట్రోలు కరువైంది. విమానాల కంపెనీలు ఒకటొకటే మూతపడుతున్నాయి. రంగప్ప మాత్రం మీసం దించలేదు.

“ముందుకాలమంతా విమానాలదేనప్పా. నాది రిపేరుకు పోయినాది. ఇంకోటి కొంటాండా. బొంబాయిలో తెల్లటిది ఒకటి ఉండాదంట. నీకెందుకులే, నువ్వు రైల్లో శెనక్కాయలు ఒల్చుకుంటా రా.”

లక్ష్మీనారాయణకు తిండి సహించలేదు. ఆ తెల్లదాన్ని తనే ముందు కొనాలి. తాడిమర్రి పొలం అమ్మాడు. చాలలేదు. మగ్గాలవాళ్ల కూలి కోశాడు. షావుకారు ముచ్చటకు ఎప్పుడూ నేసేవాడి కడుపే మాడాలి కదా!

భార్య నీలావతి మొత్తుకుంది. “పెట్రోలే లేదంటాండారు. ఉన్న పొలమూ పాయ. రేపు పిల్లోల్లకు ఏముండాది?”

“రంగప్ప కొనేస్తే నేను తలెత్తుకుని యాడ తిరగల్ల? వానిది పచ్చది, పాతది. నాది తెల్లది, కొత్తది!”

బొంబాయి దళారి బేరం కుదిర్చాడు. ఉగాదికి విమానం పెనుకొండ బీడులో దిగింది. మల్లెపువ్వులా మెరిసిపోతోంది.

రంగప్పా వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, “గెలిస్తివప్పా!” అని నిట్టూర్చాడు. లక్ష్మీనారాయణకు జన్మ తరించినట్టయింది.

ఈయన కొబ్బరికాయ బుద్ధిగా రాయిమీదే కొట్టాడు. కుంకుమ తీసుకుని, బొట్టు పెట్టడానికి విమానం ముక్కుమీద చెయ్యి వేశాడు.

తళతళలాడే తెల్లరంగు కింద, ఆయన వేలు కొబ్బరికాయంత సొట్టలో దిగబడింది.